గోతిలో నీళ్ళు ఎన్ని బెత్తలు?

అనగనగా అనగానే ఊఁ కొట్టేవాళ్ళంతా ఇటు జరగండి. ఊరికే ఊఁ కొట్టకండి, మధ్యమధ్య "నిజమా?" అని కూడా అడుగుతూ ఉండండి. ఈ కథలో నమ్మదగినవాళ్ళు బహు తక్కువ.

అనగనగా మద్దిమాకుల అడవి. దానికి రాజు ఒక ఎలుగుబంటి. ఆ అడవి నడుమ నున్నటి నల్లబండ ఒకటి ఉండేది. ఎవరికి ఏ కబురున్నా సుద్దముక్క పట్టుకుని ఆ బండ మీద రాసేవారు. దాని కింద ఎవరికి తోచింది వాళ్ళు రాసేవారు. ఎవరైనా రాయొచ్చు గానీ, రాసింది చెరపకూడదు. అది అక్కడి కట్టడి.

రానురాను ఏమైందంటే, నోటి మాటకి విలువ పోయింది. పక్క పొదలో కుందేలు తుమ్మినా సరే, బండ మీద రాస్తేనే తుమ్మినట్టు. దారిలో ఎదురుపడితే పలకరించుకోనివాళ్ళు బండ దగ్గరికి వచ్చి పొద్దుగూకేదాకా వాదించుకునేవారు. రాసినవాడు ఏం మనసులో పెట్టుకుని రాశాడో అని చదివేవాడికి అనుమానం. చదివినవాడు ఎందుకు నవ్వాడో అని రాసినవాడికి అనుమానం. ఆ అడవిలో నీళ్ళకి కరువొచ్చింది గానీ అనుమానానికి ఏనాడూ కరువు రాలేదు.

ఇక కొలతల సంగతి. వెనకటికి ఏనుగు ఒకటి, వాగులో నీళ్ళు బెత్తెడే, హాయిగా దాటొచ్చు అని రాసింది. బెత్త అంటే తెలుసుగా, నాలుగు వేళ్ళు కలిపి పెడితే ఎంత వెడల్పో అంత. పాపం కుందేలు తన బెత్త అనుకుని వాగులో దిగింది. ఏనుగేమో తన కాలి గోళ్ళు నాలుగూ కలిపి కొలిచింది. కుందేలు కొట్టుకుపోయి, ఏదో వేరు చేతికి దొరికి, చచ్చీచెడీ ఒడ్డున పడింది.

అప్పటి రాజు, అంటే ఇప్పటి ఎలుగురాజు తాతగారు, ఆ సంగతి విని ఒక కట్టడి చేశాడు. ఇకమీదట కొలతలన్నీ రాజుగారి పంజాతోనే కొలవాలి. రాసేటప్పుడు అంకెకీ కొలత పేరుకీ నడుమ జొన్నగింజంత ఎడం వదలాలి. ఇది రాజుగారి కొలతే అని తెలిసేలా పైన ఒక చుక్క పెట్టాలి. అంకె పెద్దగా, కొలత పేరు చిన్నగా ఉండాలి. మంచి కట్టడే. కాదని నేనూ అనను.

ఆ కట్టడికి కాపలాదారు ఒకడున్నాడు. ఏదుపంది, పేరు కంటకయ్య. ఆ పనికి వాణ్ణి ఎవరూ పెట్టలేదు, తనకు తానే పెట్టుకున్నాడు. పొద్దున్నే బండ దగ్గరికొచ్చి కూర్చునేవాడు. ఎవరు ఏం రాసినా ముందు వాడి కన్ను చుక్క మీదికి పోయేది, తర్వాత ఎడం మీదికి. తప్పు దొరికితే చాలు, వాడి మొహం వెలిగిపోయేది. తప్పు కింద గీత గీసి, బండ పక్కన నేలలో ఒక ముల్లు గుచ్చేవాడు. పావురాలు పెళ్ళికబురు రాస్తే, పందిరి పొడవు దగ్గర చుక్క లేదని ముల్లు గుచ్చాడు. జింక చనిపోతే దాని అక్క ఏడుస్తూ రాసింది, చెరువు దూరం రాసిన చోట ఎడం ఎక్కువైందని అక్కడా గుచ్చాడు. చుట్టూ చేరినవాళ్ళు పకపకా నవ్వేవారు. ఆ నవ్వు వాడికి తేనె. ఒళ్ళంతా ముళ్ళున్నవాడి దగ్గరికి మామూలుగా ఎవరు వస్తారు చెప్పండి? ముల్లు గుచ్చినప్పుడే నలుగురూ వచ్చేవారు.

ఇంకొకతె ఉంది. ఆడనక్క, పేరు జిత్తమ్మ. పేరే జిత్తమ్మ అయితే ఇంక నమ్మేదెవరు? నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి లెండి. ఒకసారి వేటగాళ్ళొస్తున్నారని రాసి, అందరూ పారిపోయాక కాకి దాచుకున్న రొయ్యలు తినేసింది. ఇంకోసారి కాలు విరిగిందని కుంటుతూ వచ్చి, ముంగిస జాలిపడి పెట్టిన తిండంతా మింగి, నాలుగు కాళ్ళతో చెంగున దూకి పోయింది. దొంగ అంటే దొంగే. నేను వెనకేసుకు రావడం లేదు.

కానీ ఆ రోజు జిత్తమ్మకి నిజంగానే ఆపద వచ్చింది.

ఎర్రగరువు అనే ఎర్రమట్టి మెరక మీద పాతకాలం వేటగాళ్ళు తవ్వి వదిలేసిన గొయ్యి ఒకటి ఉంది. జిత్తమ్మకి ఒకటే పిల్ల. కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. తూనీగ వెంట పరుగెత్తి, కాలు జారి, ఆ గోతిలో పడింది. పైన కొండ మీద వాన దంచుతోంది. ఆ నీళ్ళు గరువు మీదుగా పాయలు కట్టి గోతిలోకి దిగుతున్నాయి. గోడలేమో జిగటమట్టి. తల్లి దూకితే ఇద్దరూ లోపలే, ఇక బయటపడే దారి లేదు. ఊడ పట్టుకుని దిగగలిగిన చేతులున్నవాళ్ళు కావాలి.

జిత్తమ్మ గొంతు చించుకుని ఊళ వేసింది. నక్క ఊళ వింటే కీడని అడవిలో అందరూ చెవులు మూసుకున్నారు. ఇంక చేసేదేముంది? బురద కాళ్ళతో నల్లబండ దగ్గరికి పరుగెత్తింది. ఎర్రగరువు గోతిలో నా బిడ్డ పడింది, నీళ్ళు రెండు బెత్తలు వచ్చాయి, చేతులున్నవాళ్ళు తొందరగా రండి అని గబగబా గీకింది.

కంటకయ్య మెల్లగా లేచాడు. చదివాడు. అంకె కొలతకి అతుక్కుపోయి ఉంది. జొన్నగింజ కాదు కదా, నూకగింజ కూడా పట్టేలా లేదు. కింద గీత గీసి ముల్లు గుచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ముంగిస నవ్వలేదు. తలెత్తి ఆకాశం చూసింది. ఇక్కడ మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు, మరి గోతిలోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయట అని బండ మీద రాసింది. కాకి దాని కింద, పోయినసారి అందరం పరుగెత్తాం, నా రొయ్యలు పోయాయి, ఈసారి ఎవరివి పోతాయో చూసుకోండి అని రాసింది. కోతులకి చేతులున్నాయి. ఆ చేతులు కట్టుకుని కొమ్మల మీద కూర్చున్నాయి. రాజుగారిని లేపుదామని ఒకరన్నారు. ఆయన తేనెపట్టు తిని గుహలో గురకపెడుతున్నాడు. నిద్రలో ఎలుగుని లేపే మొనగాడెవడు?

జిత్తమ్మ గోతి దగ్గరికి పరుగెత్తింది. పిల్ల ఉందో లేదో చూసుకోవాలిగా. పొట్ట దాకా ఉన్న నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. పిల్ల పైకి చూసి కుంయిమంది. మళ్ళీ బండ దగ్గరికి ఉరికింది. పాతది చెరపకూడదు, కాబట్టి దాని కిందే ఇంకోసారి రాసింది. ఈసారి జొన్నగింజంత ఎడం జాగ్రత్తగా వదిలింది. నీళ్ళు ఇప్పుడు మూడు బెత్తలని రాసింది.

పైన చుక్క మర్చిపోయింది.

కంటకయ్య తల పంకించాడు. ఎవరి బెత్త ఇది? రాజుగారిదా, నక్కదా, చీమదా? చీమ బెత్తలు మూడైతే గోతిలో పిల్ల కాళ్ళు కూడా తడవవని రాసి ఇంకో ముల్లు గుచ్చాడు. కోతులు కొమ్మల మీంచి పడేలా నవ్వాయి. అడిగిన ప్రశ్న మంచిదే. కానీ ఎదురుగా రొప్పుతూ నిలబడ్డ తల్లిని మాత్రం అడగలేదు. అడిగితే రాజుగారి బెత్తే అని చెప్పేది.

ముంగిస మళ్ళీ బండ దగ్గరికి నడిచి, ఇందాక రెండు, ఇప్పుడు మూడు, ఏది నిజమో తేల్చుకుని రాయమనండి అని గీకింది. కాకి ఎగిరొచ్చి, అబద్ధం చెప్పేవాళ్ళకి చెప్పింది గుర్తుండదు అని రాసింది. అవును మరి, అవును మరి అంటూ కింద బోలెడన్ని పాదాల గుర్తులు పడ్డాయి.

జిత్తమ్మ మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. నీళ్ళు నాలుగు బెత్తలు, పిల్ల మెడ దాకా అని రాసింది. ఎడం వదిలింది, చుక్క పెట్టింది. తొందరలో అంకె చిన్నదైంది, కొలత పేరు పెద్దదైంది. కంటకయ్య ముల్లు తీస్తుంటే చూసి, ఇంక ఉండబట్టలేక నోరు తెరిచింది.

"కంటకయ్యగారూ, గుర్తులు తర్వాత దిద్దుదురు గానీ. ముందు ఎవరో ఒకరు వచ్చి కంటితో చూడండి. అబద్ధమైతే అందరూ కలిసి నన్ను ఆ గోతిలోనే పూడ్చెయ్యండి."

కంటకయ్య మొహం ముడుచుకున్నాడు. "చూడటానికేముందమ్మా? సరిగా రాయడం రానివాళ్ళకి సరిగా కొలవడం మాత్రం వస్తుందా?" అంటూ మూడో ముల్లూ గుచ్చాడు.

ఆ మాట అందరికీ నచ్చింది. ఎవరో దాన్ని బండ మీద పెద్దక్షరాలతో రాసి చుట్టూ పూలు కూడా గీశారు. కాకేమో రెండు, మూడు, నాలుగు, ఎంచక్కా పిల్లలకి ఎక్కాలు నేర్పుతోంది అని వెక్కిరించింది. జిత్తమ్మ అక్కడే కూలబడింది. ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలన్నీ ఆ క్షణాన గుర్తొచ్చి, వాటి మూల్యం నా బిడ్డ కడుతోందే అని దానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తుంటే, అదుగో నటన మొదలెట్టింది అన్నారు.

అప్పుడు వచ్చింది చింతాలవ్వ.

చింతాలవ్వ ముసలి కొండముచ్చు. ఆ అడవి అనుమానాలన్నీ ఒక ఎత్తు, ఆమె అనుమానం ఒక ఎత్తు. చెట్టు నుంచి తానే కోసిన చింతకాయనైనా అటూ ఇటూ తిప్పి వాసన చూడందే కొరకదు. పొద్దు పడమటే గుంకుతుందని చెప్పినా, కొండెక్కి చూసొచ్చి అవునంటుంది. అవ్వని చూడగానే కంటకయ్యకి బలమొచ్చింది. ఈ నక్క సంగతి అవ్వే తేలుస్తుందిలే అని దారి వదిలాడు.

అవ్వ బండ మీదున్నదంతా పై నుంచి కింది దాకా చదివింది. తర్వాత వంగి బండ చుట్టూ నేల చూసింది. నక్క కాళ్ళు పట్టుకుని పైకెత్తి చూసింది. ముంగిస కాళ్ళు చూసింది. కంటకయ్య కాళ్ళూ చూసింది. అందరూ వింతపడ్డారు.

"నక్కని నేను నమ్మను," అంది అవ్వ. కోతులు చప్పట్లు కొట్టాయి. "మిమ్మల్నీ నమ్మను. ఈ బండ చుట్టూ ఎర్రబురద అడుగులు దీనొక్కదానివే. పోయి వచ్చిన ప్రతిసారీ పచ్చిబురద తెచ్చింది. చినుకు పడనిచోట దీనికి అంత బురద ఎక్కడిది? మీ కాళ్ళకి మాత్రం ఒక్క చుక్క తడి లేదు. ఇది చూసొచ్చి రాస్తోంది, మీరు కూర్చుని రాస్తున్నారు. ఎవరి మీద అనుమానపడమంటారు?"

మరి అంకె మాటిమాటికీ మారిందేమని కంటకయ్య గొణిగాడు. నీళ్ళు పెరిగితే అంకె పెరగదా నాయనా, పెరిగిందో లేదో నేను చూసొస్తా అంది అవ్వ. బండ మీద ఒక్క గీతైనా గీయకుండా నడక సాగించింది.

నడక అంటే మామూలు నడక కాదు. నక్కని ముందు నడవమంది, తన వెనక ఉండనివ్వలేదు. పొద కదిలితే ఆగింది. గరువు ఎక్కేముందు చెట్టెక్కి నలుదిక్కులా చూసింది. జిత్తమ్మ ప్రాణం గిలగిలలాడింది గానీ కిక్కురుమనలేదు. ఒక్కరైనా వస్తున్నారు, అదే పదివేలు.

గోతి అంచున పడుకుని అవ్వ లోపలికి చూసింది. ఎర్రటి నీళ్ళ మీద ఒక చిన్న ముక్కు, రెండు చెవులు. అంతే కనిపించాయి. ఆ ముక్కు ఒకసారి మునిగి మళ్ళీ తేలింది.

అవ్వ అనుమానం అక్కడితో తీరింది. గబగబా పక్కనున్న మర్రి ఊడ ఒకటి తెంపింది. జిత్తమ్మ ఆ కొస నోట కరిచి పట్టుకుంటానని ముందుకొచ్చింది. నీ నోటి మీద నాకు నమ్మకం లేదని అవ్వ దాన్ని పక్కకి నెట్టి, ఊడని మద్దిమోడుకి ముడేసింది. ముడిని లాగి చూసింది, మోడుని ఊపి చూసింది. అప్పుడు సర్రున జారింది. నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికింది. అప్పటికే ముక్కు కనిపించడం లేదు. మెత్తగా ఏదో తగిలితే గుప్పెట పట్టి, రొమ్ముకి హత్తుకుని, ఊడ పట్టుకుని పైకి పాకింది.

పిల్ల కదల్లేదు. అవ్వ దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. నోట్లోంచి ఎర్రనీళ్ళు కారాయి. ఇంకోసారి చరిచింది. జిత్తమ్మ కళ్ళు మూసుకుంది. మూడోసారికి పిల్ల దగ్గింది, ఆ తర్వాత సన్నగా కుంయిమంది. జిత్తమ్మ దాన్ని నాకుతూ అవ్వ కాళ్ళ మీద పడిపోయింది. కాళ్ళు వదలవే, కరుస్తావేమో అంది అవ్వ. అంటూనే ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురూ బండ దగ్గరికి వచ్చేసరికి అక్కడ వాదన ఇంకా సాగుతూనే ఉంది. కొలత పేరు పెద్దగా రాయడం పెద్ద తప్పా, చుక్క మర్చిపోవడం పెద్ద తప్పా అని రెండు జట్లు కట్టి కొట్టుకుంటున్నారు. జిత్తమ్మ పిల్లని తెచ్చి బండ మీద, ఆ రాతల నడుమ పడుకోబెట్టింది. పిల్ల ఒంటి మీంచి కారిన ఎర్రనీళ్ళకి సుద్ద అక్షరాలు కరిగాయి. పిల్ల వణుకుతూ ఇంకోసారి దగ్గింది.

ముంగిస తల దించుకుంది. కాకి కొమ్మ మారింది.

కంటకయ్య పిల్ల వంక చూస్తూ నిలబడ్డాడు. వాడు దిద్దిన మూడూ సరైన దిద్దుబాట్లే. ఒక్కటీ తప్పు కాదు. సరైన మాటలే చెప్తూ ఒక పసిప్రాణాన్ని ముంచబోయానని వాడికి తెలిసొచ్చింది. "అవ్వా, నువ్వు దిగేసరికి నీళ్ళెంతున్నాయి?" అని అడిగాడు.

"పిల్ల ముక్కు మునిగేంత," అంది అవ్వ.

అది ఏ కొలత అని ఆ రోజు ఎవరూ అడగలేదు. కంటకయ్య చేతిలో ముల్లు కింద పెట్టి, పిల్ల దగ్గరగా వచ్చాడు. తన ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని మళ్ళీ తనే వెనక్కి జరిగాడు. ఆ సాయంత్రం ఎర్రగరువు ఎక్కి గోతి చూసొచ్చాడు. మర్నాడు మట్టి తోడిపోసి దాన్ని పూడ్చడం మొదలుపెట్టాడు. ముంగిస కూడా వెళ్ళి సాయం పట్టింది. కోతులకీ కట్టుకున్న చేతులు విప్పక తప్పలేదు.

ఎలుగురాజు నిద్ర లేచి జరిగింది విన్నాడు. తాతగారి కట్టడి అలాగే ఉండనిచ్చి, దానికి ఒక్క మాట చేర్చాడు. ఇకమీదట ఒకరి రాతని దిద్దాలనుకున్నవాడు, ఆ రాతలో చెప్పిన చోటికి ముందు తన కాళ్ళతో పోయి రావాలి. అప్పుడే సుద్ద పట్టుకోవాలి. ఆ తర్వాత కంటకయ్య దిద్దడం మానలేదు. కాకపోతే ఎక్కడెక్కడికో తిరిగొచ్చి దిద్దాలి కాబట్టి బాగా తక్కువ దిద్దేవాడు, చిక్కిపోయాడు కూడా. జిత్తమ్మ మారిందా అంటారా? పిల్ల కోలుకున్న వారానికే కాకి దాచుకున్న చేప ఒకటి మాయమైంది. ఎవరు తీశారో నాకు తెలీదు. నా మాట నమ్మొద్దు, మీరే పోయి కనుక్కోండి.

నీతి: అనుమానం రావడం తప్పు కాదు, అనుమానం వచ్చినవాడు ముందు లేచి వెళ్ళి చూడాలి, కూర్చున్నచోటే తప్పులు వెతికేవాడి ఒప్పు ఎవరినీ ఒడ్డుకి చేర్చదు.